పెలూసా ఇంటికొచ్చిన వారం

రెండో తరగతి పిల్లల ఇళ్ళకు ప్రతి శుక్రవారం బడి నుంచి ఒక కాగితం వస్తుంది. ఆ వారం ఏ పాఠం అయింది, ఎవరి పన్ను ఊడింది, వచ్చే వారానికి ఖాళీ గుడ్ల అట్టలు ఎన్ని కావాలి, జలుబు చేసిన పిల్లల్ని దయచేసి ఇంట్లోనే ఉంచండి, ఇలాంటివి అందులో ఉంటాయి. టీచరు గ్రిసెల్దా దాన్ని పిల్లల పుస్తకాల్లో అతికించి పంపిస్తుంది. పెద్దవాళ్ళు చదివి, కింద సంతకం పెట్టి, సోమవారం తిప్పి పంపాలి. మా సాల్తో ఊళ్ళో చాలా ఇళ్ళలో సంతకం ఉంటుంది, చదవడం ఉండదు. దెల్మా మాత్రం ఒక్క అక్షరం వదిలేది కాదు. ఆమె చదువు మూడో తరగతితో ఆగిపోయింది గనక వరస కింద వేలు పెట్టుకుని నెమ్మదిగా చదివేది.

ఆ కాగితం అడుగున ఒక గడి ఉంటుంది. దాని పేరు పెలూసా కబుర్లు. పెలూసా అంటే బొమ్మ గొర్రెపిల్ల. తరగతి మొత్తానికీ అదొక్కటే. శుక్రవారం బడి వదలగానే ఎవరో ఒక పిల్ల సంచిలో ఎక్కి వాళ్ళింటికి వెళుతుంది. శని, ఆదివారాలు ఆ ఇంట్లో చుట్టంలా ఉండి సోమవారం తిరిగొస్తుంది. దాని వెంట ఒక లావుపాటి నోటు పుస్తకం కూడా వెళుతుంది. పెలూసా తమ ఇంట్లో ఏం చేసిందో ఇంటిల్లిపాదీ కలిసి అందులో రాయాలి. సోమవారం పొద్దున టీచరు దాన్ని తరగతిలో పైకి చదువుతుంది.

పిల్లలకు అది ఆట. తల్లులకు మాత్రం పరీక్ష. మార్చిలో బడి తెరిచిన దగ్గర్నుంచీ పెలూసా వేడినీటి బుగ్గల్లో ఈదింది, గుర్రమెక్కింది, ఒక మేనత్త పెళ్ళిలో కేకు కోసింది. ఒక తండ్రి దానికి తన ఫుట్‌బాల్ జట్టు రంగుల్లో చొక్కా కుట్టించాడు. ఇన్ని వారాల్లో ఏ ఒక్క ఇంట్లోనూ ఆ గొర్రె ఊరికే ఓ మూల పడి ఉన్న పాపాన పోలేదు. ఆ వైభోగం మా ఊరి మేయరుకు కూడా లేదు.

వంతులు ఇంటిపేర్ల అక్షర క్రమంలో నడుస్తాయి. దెల్మా మనవరాలు మైలేన్ ఇంటిపేరు వియేరా, అంటే ఇరవై ముగ్గురిలో చిట్టచివర. మిగతా ఇరవై రెండు ఇళ్ళూ తిరిగి గొర్రె తన దగ్గరకు వచ్చేసరికి ఆగస్టు వస్తుందని ఆ పిల్ల మార్చిలోనే వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. డిసెంబరులో బడి మూసేస్తారు. రెండో చుట్టు తన దాకా రాదని కూడా దానికి తెలుసు.

జూలైలో, అంటే మా ఊళ్ళో నడి చలికాలంలో, తల్లుల ఫోన్ గ్రూపులో ఒక సందేశం వచ్చింది. పెట్టింది రొక్సానా, మందుల దుకాణం వాళ్ళావిడ. ఆమె కొడుకు బౌతిస్తా మైలేన్ పక్కనే కూచుంటాడు. నది పక్క ఇళ్ళలో ఈ చలికాలం తేమ బాగా ఉంటుంది కదా, పెలూసాకు బూజు పడితే మళ్ళీ అది మన పిల్లలందరికీ అంటుకుంటుంది, ఆ ఇళ్ళ పిల్లలు దానితో బడిలోనే ఆడుకుంటే బాగుంటుందేమో, పిల్లల ఆరోగ్యం కోసం చెబుతున్నాను, అని దాని సారాంశం. కింద పదకొండు మంది బొటనవేళ్ళు ఎత్తిన బొమ్మలు పెట్టారు. ఆ తరగతిలో నది పక్క ఇల్లు ఒక్కటే ఉంది. అది దెల్మాది. రెండేళ్ళ కిందటి వరదకు కిటికీ దాకా నీళ్ళొచ్చిన ఇల్లు అది. వంతులు మార్చేది లేదని టీచరు ఒక్క ముక్కలో రాసి ఊరుకుంది.

మైలేన్ తల్లి లూర్దెస్ ఆ సందేశాన్ని వంటింట్లో నిలబడి చదివి వినిపించింది. దెల్మాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె ఇంట్లోనే నలుగురి బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే మనిషి. మందుల దుకాణం వాళ్ళ దుప్పట్లు, గలేబులు తొమ్మిదేళ్ళు ఉతికింది. కిందటేడు వాళ్ళు మిషను కొనుక్కున్నారు.

"తేమ అంటోందా," అంది దెల్మా. "తొమ్మిదేళ్ళు ఆవిడ దుప్పట్లు ఏ గాలికి ఆరాయో అడుగు."

లూర్దెస్ ఆ మాట గ్రూపులో అడగలేదు. దెల్మా మాత్రం ఆ రోజే ఒకటి తీర్మానించుకుంది. తన ఇంటి నుంచి వెళ్ళే సోమవారం ఆ గొర్రె మంచులా మెరవాలి. నది పక్క ఇల్లు అని ఎవరూ నోరు మెదపడానికి లేకుండా, మైలేన్ మిగతా పిల్లల్లాగే తల ఎత్తుకుని ఆ నోటు పుస్తకం టీచరుకు ఇవ్వాలి. ఆమె కోరిక అంతకు మించి ఏమీ లేదు.

ఆగస్టు వచ్చింది. శుక్రవారం సాయంత్రం మైలేన్ సంచి నుంచి గొర్రె బయటికి వచ్చింది. ఒకప్పుడు తెల్లగా ఉండేదట. ఇప్పుడు గిన్నెలు తుడిచిన గుడ్డ రంగులో ఉంది. ఇరవై రెండు ఇళ్ళ వాసనలూ దానికి పట్టాయి. కుక్క, పాలు, కట్టెల పొగ, ఎవరిదో ఖరీదైన సెంటు. దెల్మా దాన్ని కాలు పట్టుకుని ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని, దించేసింది. తేమ గురించి మాట్లాడినవాళ్ళు ఒక్కరైనా దీన్ని ఒక్క పూట నీళ్ళలో ముంచలేదా అని లోలోపల నవ్వుకుంది కూడా. ఆ ఒక్క పూట మనవరాలు గొర్రెను పక్కలో పెట్టుకుని పడుకుంటే పోనీలే అని ఊరుకుంది.

శనివారం పొద్దున లూర్దెస్ నారింజపళ్ళు సర్దే షెడ్డుకు పనికి వెళ్ళింది. దెల్మా పెరట్లో పెద్ద గంగాళం పొయ్యి మీద పెట్టింది. తెల్లవాటిని ఎలా ఉతకాలో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. బడి పిల్లలు తొడుక్కునే తెల్ల గౌన్లు ముప్పై ఏళ్ళుగా వందల కొద్దీ ఉతికింది. సోడా, సబ్బు ముక్కలు, బ్లీచింగు, ఆపైన బాగా మరిగే నీళ్ళు. సిరా మరక గానీ బంక మరక గానీ ఆ నీళ్ళ ముందు నిలవదు. తెల్లది ఉడికితేనే తెల్లబడుతుందని ఆమె చేతులకు ఎప్పుడో వచ్చేసింది. ఆ చేతులు గొర్రెను కూడా గౌనులాగే గంగాళంలో వేశాయి. మూత పెట్టి, ఒక గిన్నెడు మాతే ఆకుల కషాయం తాగి, కర్రతో తిప్పడానికి వచ్చింది.

కర్రకు తోలు ఒక్కటే తగులుకుని పైకి వచ్చింది. పొట్ట కుట్లన్నీ విడిపోయాయి. ఒక కన్ను అడుగున ఎక్కడో టక్కుమంది. లోపలిదంతా నీళ్ళ మీద తేలుతోంది.

దెల్మా పొయ్యిలోంచి కట్టెలు లాగేసింది. ముప్పై ఏళ్ళలో ఒక బొత్తాం పోగొట్టి ఎరగదు. వెనక్కి తిరిగి చూస్తే గడపలో మైలేన్ నిలబడి ఉంది.

"చచ్చిపోయిందా అమ్మమ్మా?" అని అడిగింది.

"బొమ్మలు చావవే," అంది దెల్మా. ఆ పిల్ల ఏడవలేదు. సోమవారం నేను బడికి వెళ్ళను అని మాత్రం చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. ఏడ్చి ఉంటే దెల్మాకు కాస్త తేలిగ్గా ఉండేది.

గంగాళం దించి, చల్లారనిచ్చి, లోపలివి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరచింది. ముందు స్పాంజి ముక్కలు వచ్చాయి. అవి బొమ్మతో పాటే వచ్చినవి. తర్వాత ఒక ముద్ద పచ్చి గొర్రె ఉన్ని, గడ్డి ముళ్ళతో సహా. ఎవరో పొలం వాళ్ళు పెట్టి ఉండాలి. ఆడవాళ్ళ మేజోడు ఒకటి. పసిపిల్లల సాక్సు సగం. నారింజపళ్ళ వల సంచి ముక్క. గిన్నెలు తుడిచే పసుపు గుడ్డ. విడిపోయిన తోలు అంచున దారాలు చూసింది. తెలుపు, గోధుమ, నీలం, చేపలు పట్టే సన్న తీగ కూడా. దెల్మా వేళ్ళ మీద లెక్క వేసింది. ఇరవై రెండు ఇళ్ళలో ఏడెనిమిది ఇళ్ళు ఈ పొట్ట కుట్టాయి. ఏ ఇంట్లోనూ ఆ సంగతి రాయలేదు.

ఆఖర్న అరచేతి వెడల్పు తెల్ల గుడ్డ వచ్చింది. ఒక అంచుకు లేసు ఉంది. ఆ లేసు ఆమె చేతికి తెలుసు. దాని మీద ఇస్త్రీపెట్టె మొన తగిలితే చిరిగిపోతుందని తడిగుడ్డ వేసి తొమ్మిదేళ్ళు ఇస్త్రీ చేసింది. అది రొక్సానా ఇంటి గలేబు.

దెల్మా చేతులు తుడుచుకుని నోటు పుస్తకం తెరిచింది. బౌతిస్తా ఇంటి వారం ఎక్కడుందో వెతికి, వేలు పెట్టుకుని చదివింది. పెలూసా మా కుక్క తోనీతో చక్కగా స్నేహం చేసింది, ఇద్దరూ ఒకరినొకరు వదిలిపెట్టలేదు, అని రాసి ఉంది. పక్కన ఫొటోలో కుక్క ఒక్కటే ఉంది.

ఆదివారం వాన పట్టుకుంది. వాన పడితే మా ఊళ్ళో ఏ ఇంట్లోనైనా పిండి కలిపి, పూరీల్లాంటి తోర్తా ఫ్రీతాలు వేయిస్తారు. దెల్మా కూడా వేయించింది. పొయ్యి పైన తీగ మీద గొర్రె తోలు, పక్కన దాని కడుపులోవన్నీ వరసగా ఆరుతున్నాయి. లూర్దెస్‌కు ఆ రోజు సెలవు. జరిగిందంతా విని ఆమె రెండు సలహాలు చెప్పింది. ఒకటి, చడీచప్పుడు లేకుండా కుట్టేసి, నది ఒడ్డున షికారు వెళ్ళాం అని రాసేద్దాం. అందరూ చేసింది అదే. రెండోది చెబుతున్నప్పుడు ఆమె గొంతు తగ్గింది. ఆ గుడ్డ ముక్కను లేసు కనబడేలా ఫొటో తీసి తల్లుల గ్రూపులో పెట్టేద్దాం. కింద ఏమీ రాయనక్కర్లేదు.

రెండో సలహా దెల్మాకు నచ్చింది. నచ్చలేదంటే అబద్ధం. ఫోన్ ఎక్కడ పెట్టావని కూడా కూతుర్ని అడిగింది.

బల్ల కింద కూచున్న మైలేన్ అప్పుడు మాట్లాడింది. శనివారం పొద్దున తర్వాత అదే మొదటిసారి.

"వద్దు అమ్మమ్మా. బౌతిస్తాను అందరూ నవ్వుతారు."

"వాళ్ళమ్మ మన గురించి ఏమందో తెలుసునా నీకు?"

"వాళ్ళమ్మ కదా అంది," అంది మైలేన్. "వాడు అనలేదు."

దెల్మా పిండి ముద్దను ఇంకో రెండు నిమిషాలు అవసరం లేకుండా పిసికింది. ఆ పైన ఫోన్ మాట ఎత్తలేదు. అయితే షికారు సంగతి కూడా ఒప్పుకోలేదు. బొమ్మను పాడుచేసింది నేను, నా ఇంటి పేరుతో అబద్ధం పంపను, రాసేదేదో ఉన్నదున్నట్టు రాయి, అని మనవరాలి ముందు నోటు పుస్తకం పెట్టింది. నది వాళ్ళు పాడుచేశారంటారని లూర్దెస్ గొణిగింది. అంటే అననీ అంది దెల్మా. అంది గానీ లోపల ఆమెకు భయంగానే ఉంది.

ఆరినవన్నీ, ఉన్ని, సాక్సు, మేజోడు, లేసు ముక్క, ఒక్కటి కూడా వదలకుండా తిరిగి లోపల పెట్టింది. మైలేన్ కిందటేడు తొడుక్కున్న బడి గౌను చేతి అంచు కోసి దాన్నీ పెట్టింది. ఊడిన కన్ను తిరిగి కుట్టి, పొట్టకు గట్టి దారంతో చిన్న చిన్న కుట్లు వేసింది. గొర్రె నిజంగానే మంచులా తెల్లగా ఉంది. కాకపోతే కొంచెం వంకరగా నిలబడుతోంది.

సోమవారం మనవరాలు వెళ్ళనంటే దెల్మా తానే చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళింది. వదిలిపెట్టి వచ్చేయకుండా తరగతి గుమ్మం దగ్గర నిలబడింది. టీచరు గ్రిసెల్దా నోటు పుస్తకం తెరిచి మైలేన్ రాసింది పైకి చదివింది.

"శనివారం మా అమ్మమ్మ పెలూసాను మరిగే నీళ్ళలో వేసింది. పెలూసా పొట్ట విడిపోయింది. తప్పు మాదే. లోపల చాలా ఇళ్ళవి చాలా ఉన్నాయి. అవన్నీ ఆరబెట్టి మళ్ళీ లోపలే పెట్టి కుట్టాం. మాది కూడా ఒకటి పెట్టాం. ఆదివారం వాన. తోర్తా ఫ్రీతాలు తిన్నాం. పెలూసా పొయ్యి దగ్గర కూచుంది."

టీచరు చదవడం ఆపి పుస్తకంలోకే చూస్తూ ఉండిపోయింది. మైలేన్ బల్ల మీద తల వాల్చేసింది. దెల్మా గుమ్మం లోపలికి ఒక అడుగు వేసింది.

"మా తోనీ కొరికేసింది టీచర్," అన్నాడు బౌతిస్తా. "చెప్పొద్దని అమ్మ చెప్పింది. గలేబు చింపి కుట్టింది."

ఇక ఆగలేదు. మా తమ్ముడు కత్తెరతో కోశాడని ఒకరు, మా నాన్న కారు చక్రం కింద పడిందని ఒకరు, మా ఇంట్లో కన్ను ఊడితే అమ్మ కోటు బొత్తాం పెట్టిందని ఒకరు. అన్నాళ్ళు కడుపులో దాచుకున్నది బయటపడ్డాక పిల్లల మొహాలు పండగనాటి మొహాల్లా వెలిగిపోయాయి. ఎనిమిదో పిల్ల చెప్పడం మొదలుపెట్టాక టీచరు చాలు చాలు అని చప్పట్లు కొట్టింది. మైలేన్ తల ఎత్తింది. చుట్టూ పిల్లలు చేరి లోపల ఇంకా ఏమేం ఉన్నాయని అడుగుతుంటే, అవి పెలూసావి, చెప్పకూడదు, అంటోంది. దెల్మా ఇంటికి నడిచి వెళ్ళింది. చాలా రోజుల తర్వాత దారిలో కనిపించినవాళ్ళనల్లా పలకరించింది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. శుక్రవారం కాగితం వచ్చింది.

దెల్మా అడుగు గడి మీద వేలు పెట్టింది. మైలేన్ ఇంట్లో పెలూసాకు చక్కటి స్నానం, మరమ్మతు జరిగాయి, ఆ కుటుంబానికి మా ధన్యవాదాలు, అని ఉంది. కుక్క గురించి గానీ కారు చక్రం గురించి గానీ ఏమీ లేదు. అది పర్వాలేదు. కింద ఇంకో వరస ఉంది. తల్లులందరి కోరిక మీద, ఇకనుంచి ప్రతి నెలాఖరున పెలూసాను ఉతికి కుట్టే పని మైలేన్ అమ్మమ్మగారు చూసుకుంటారు.

ఫోన్ గ్రూపు నిండా ఎర్ర గుండెల బొమ్మలు. ఆ ఆలోచన రొక్సానాదేనట. పేరుకు ముందు మర్యాదగా దోన్యా తగిలించి, దోన్యా దెల్మా చేతుల్లో పడితే ఇక చూసుకోనక్కర్లేదు, అని రాసింది. మైలేన్ ఆ సంగతి విని మంచం మీద గంతులు వేసింది. రెండో చుట్టు దాకా ఆగనక్కర్లేదు, నెలకోసారి గొర్రె ఇంటికొస్తుంది. లూర్దెస్ కూడా, ఎంత మర్యాదగా అడిగారో చూడు, పిల్ల సంబరం చూడు, నీకేమైంది అంది. ఏమైందో దెల్మాకు నోటితో చెప్పడం రాలేదు. కాగితం మీద సంతకం మాత్రం పెట్టలేదు. శనివారం, ఆదివారం ఆ కాగితం అతికించిన పుస్తకం బల్ల మీద అలాగే ఉంది.

సోమవారం మళ్ళీ బడికి వెళ్ళింది. గేటు దగ్గర టీచరు పిల్లల్ని లోపలికి పంపిస్తోంది. రొక్సానా చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు పెట్టుకుని మాతే తాగుతూ నిలబడి ఉంది. దెల్మాను చూసి ముందుకు వచ్చి, ఎంతో ఆప్యాయంగా బుగ్గ మీద ముద్దు పెట్టింది. లేసు ముక్క సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

దెల్మా నోరు తెరిచేలోపే మైలేన్ టీచరు చెయ్యి పట్టుకుంది. శుక్రవారం నుంచీ ఆ పిల్ల ఏమేం రాయాలో మనసులో రాసుకుంటూనే ఉంది.

"టీచర్, అయితే ప్రతి నెలా నేనే రాస్తానా పుస్తకంలో?"

గ్రిసెల్దా మంచి మనిషే. అబద్ధం చెప్పడం రాక కాస్త తడబడింది.

"పుస్తకం వంతు వచ్చిన వాళ్ళకే కదా బంగారూ. నువ్వు ఊరికే తీసుకెళ్ళి, అమ్మమ్మ ఉతికాక తెచ్చేస్తావు."

మూడు రోజులుగా దెల్మా నోటికి అందనిది అప్పుడు అందింది.

"అయితే వద్దు టీచరుగారూ," అంది. "పుస్తకంతో వస్తే అది మా ఇంటికి చుట్టం. పుస్తకం లేకుండా వస్తే మాసిన బట్ట. మాసిన బట్టలు నాకు చాలానే ఉన్నాయి."

రొక్సానా మొహం ఎర్రబడింది. "అయ్యో, మేం గౌరవంగానే అడిగాం దోన్యా దెల్మా."

"తెలుసమ్మా. నేనూ గౌరవంగానే వద్దంటున్నా. ఎవరింట్లో మాస్తే వాళ్ళే ఉతకండి. చల్లనీళ్ళు, కాస్త సబ్బు చాలు. మరిగించకండి, నేను మరిగించబట్టే అది విడిపోయింది."

టీచరు జేబులోంచి పెన్ను తీసి, దెల్మా సంతకం లేని కాగితం మీద ఆ చివరి వరస అక్కడికక్కడే కొట్టేసింది. అప్పుడు దెల్మా దాన్ని పుస్తకంతో సహా గోడకు ఆనించి సంతకం పెట్టింది. మైలేన్ ఆ కొట్టేసిన గీత వంక చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నెలనెలా వచ్చే గొర్రెను అమ్మమ్మ చేతులారా వెనక్కి పంపేసిందని మాత్రమే ఆ వయసుకు అర్థమైంది. రోజూ పెట్టే ముద్దు పెట్టకుండా లోపలికి వెళ్ళిపోయింది.

కిందటి వారం బడిలోనే ఉండిపోయిన పెలూసా ఆ శుక్రవారం మళ్ళీ మొదటి అక్షరం పిల్ల ఇంటికి బయలుదేరింది. దాని వెంట నోటు పుస్తకమూ వెళ్ళింది. మైలేన్ అప్పటికీ అమ్మమ్మతో మాట్లాడటం లేదు. దెల్మా కొత్త కాగితం మీద వేలు పెట్టుకుని మొదటి వరస నుంచి నెమ్మదిగా చదవడం మొదలుపెట్టింది.